సేఫ్ టేబుల్ మీద ఎనిమిది తూటాలు

నా కొడుకు గ్యారెట్, కోడలు ట్రెవా విడిపోయినప్పుడు కోర్టు కాగితాల్లో అన్నీ రాశారు. ఇల్లు, పికప్ ట్రక్కు, పడవ, వేటకుక్క, చివరికి బట్టలు ఆరబెట్టే మిషను కూడా. వెర్ల్ రివాల్వర్ మాత్రం ఆ కాగితాల్లోకి ఎక్కలేదు. ఎక్కిస్తే లాయర్లు దాన్ని అమ్మించేస్తారని ఇద్దరికీ భయం. ఏడాది మొత్తం మీద వాళ్లకి మాట కలిసింది ఆ ఒక్క విషయంలోనే.

వెర్ల్ నా భర్త. పోయి ఆరేళ్లయింది. మా కొండల్లో రివాల్వర్ పోటీ అంటే అందరూ ముందు ఆయన పేరే చెప్పేవారు. గురి ఎంత కచ్చితమో మనిషి అంత మెతక. ఎవరి మొహం మీదా కాదనలేడు. ఆస్పత్రి మంచం మీద పొద్దున కొడుకుతో "నా తర్వాత అది నీదేరా" అన్నాడు. సాయంత్రం కోడలు వచ్చి కూర్చుంటే ఆమె చెయ్యి పట్టుకుని "అది నీదేనమ్మా" అన్నాడు. రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను. ఇదేమిటని అప్పుడే అడిగి ఉండాల్సింది. పోయే మనిషిని నిలదీయడం ఎందుకని ఊరుకున్నాను.

చివరికి వాళ్లే ఒక ఒప్పందానికి వచ్చారు. అక్టోబరులో మా క్లబ్బు పోటీ. అయిదు స్టేజీలు, అంటే అయిదు విడతలు. ఇద్దరూ అదే రివాల్వర్‌తో కాలుస్తారు. ఎవరి మొత్తం తక్కువైతే తుపాకీ వాళ్లది. మా ఆటలో లెక్క అంతే: కాల్చడానికి పట్టిన సెకన్లకు, గురి పక్కకి పోయిన చోటల్లా జరిమానా సెకన్లు కలుపుతారు. తక్కువ వచ్చినవాడిదే గెలుపు. ఓడినవాళ్లు ఇక దాని ఊసెత్తకూడదు.

ఒకే తుపాకీతో ఇద్దరు కాల్చడం మా క్లబ్బులో కొత్త కాదు. పెళ్లయిన పద్నాలుగేళ్లూ వాళ్లు అలాగే కాల్చారు. ఒకరి వంతు అయ్యాక తుపాకీని సేఫ్ టేబుల్ దగ్గరికి తెచ్చి, తూటాలు పట్టే సిలిండర్ తెరిచి, ఖాళీగా బల్ల మీద పెడతారు. రెండోవాళ్లు తీసుకుంటారు. ఆ బల్ల తూటాలను ఆపే మట్టికట్టకు ఎదురుగా ఉంటుంది. దాని మీద ఎర్ర అక్షరాల పలక: తుపాకీ ముట్టుకోవచ్చు, తూటా ముట్టుకోకూడదు. ఆ బల్ల దగ్గర ఎవరి చేతిలోనైనా తూటా కనబడిందంటే ఆ రోజుకి వాళ్ల ఆట ముగిసినట్టే. డీక్యూ అంటారు. చూసినవాళ్లు ఎవరైనా చెప్పాలి. చెప్పించుకున్నవాడు వాదించకూడదు.

ఈ రూళ్లన్నీ నాకు తెలుసు. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, ఊళ్లోకొచ్చే లైబ్రరీ బండిలో దొరికినవన్నీ చదివేదాన్ని. ఒకసారి వెర్ల్ టేబుల్ మీద పడేసిన రూళ్ల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేశాను. క్లబ్బులో అంతకుముందు ఆ పని చేసినవాళ్లు లేరట. అందుకే స్కోర్లు రాసే పని నాకు అంటగట్టారు. ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను.

ఇంకో పని కూడా నాదే. క్లిప్పులు నింపడం. పల్చటి ఉక్కు రేకు, చుట్టూ ఎనిమిది గంట్లు. ఒక్కో గంటులో ఒక్కో తూటా బిగిస్తే ఎనిమిదీ ఒకేసారి సిలిండర్లో జారతాయి. ఆ రేకు గోరంత వంగినా సిలిండర్ తిరగదు. అందుకని నింపిన ప్రతి క్లిప్పునూ అద్దపు పలక మీద పెట్టి ఊపి చూస్తాను. టక టక మంటే పక్కన పడేస్తాను. పోటీ ముందు రోజు ఇద్దరి క్లిప్పులూ ఒకే డబ్బాలోంచి తీసి నింపాను. చెరి పద్దెనిమిది. ఏ సంచిలో ఏది వెయ్యాలో ఎంచుకోకూడదని కళ్లు మూసుకుని మరీ వేశాను.

విడిపోయాక గ్యారెట్ నా ఇంట్లోనే ఉంటున్నాడు. సాధన నా ముందు గదిలోనే. కింద పడితే క్లిప్పు వంగుతుంది కనుక సోఫా మీద దుప్పటి పరిచి, దాని ముందు నిలబడి ఉత్తుత్తి తూటాలతో రీలోడ్ చేసేవాడు. రోజుకి రెండు వందలసార్లు. తుపాకీ కుడిచేతిలోనే ఉంచి, ఎడమచేత్తో సిలిండర్ తోసి, ఖాళీ తూటా తొడుగులు రాల్చి, అదే ఎడమచేత్తో కొత్త క్లిప్పు వేస్తాడు. వేగం ఎక్కువ, నమ్మకం తక్కువ. ట్రెవాది వెర్ల్ నేర్పిన పద్ధతి. తుపాకీ ఎడమచేతిలోకి మారుతుంది, గొట్టం ఆకాశం వైపు లేస్తుంది, ఒక్క చరుపుతో ఖాళీలు రాలతాయి, గొట్టం కిందికి దిగేసరికి కుడిచెయ్యి క్లిప్పుతో సిద్ధంగా ఉంటుంది. వాడికంటే పావు సెకను ఆలస్యం. కానీ ఎప్పుడూ తప్పదు. ఒకప్పుడు ఇద్దరూ వాళ్ల పడకగదిలో మంచానికి చెరోవైపు నిలబడి పందెం వేసుకునేవాళ్లు. వాళ్లింటికి వెళ్లినప్పుడు గోడ ఇవతల నుంచి ఆ చప్పుడూ నవ్వులూ వినేదాన్ని.

పోటీ రోజు ట్రెవా నన్ను చూసి "బావున్నారా అత్తయ్యా" అంది. అంతే. గ్యారెట్‌ని చూడనుకూడా లేదు. మా గుంపులో పదకొండు మంది. రివాల్వర్ వీళ్లిద్దరిదే. మిగతావి ఆటోమేటిక్ పిస్తోళ్లు.

"మీరు ఒకసారి నింపుకునేలోపు నేను ఇంటికెళ్లి భోంచేసి వస్తా" అన్నాడు రాయిస్. గుంపు మొత్తంలో నోరు తిన్నగా ఉండనిది అతనిదే.

"నువ్వు ఇంటికెళ్లినా ఎవరూ పెట్టరు, ఇక్కడే ఉండు" అంది ట్రెవా.

"విడాకులు తీసుకున్నదానివి నాకు చెప్తున్నావా?"

"తీసుకున్నాను కాబట్టే తెలుసు. మీ ఆవిడ మొహం చూస్తే తేదీ ఖాయం చేసినట్టుంది."

గుంపంతా నవ్వారు. గ్యారెట్ నవ్వలేదు. కాల్పులు నడిపించే రేంజి ఆఫీసర్ ఓటిస్ టైమర్ నొక్కి చూసుకుంటూ "నోళ్లు మూసి చెవులు కప్పుకోండి" అన్నాడు. వెర్ల్‌కి బాల్యమిత్రుడతను.

మొదటి స్టేజిలో ట్రెవా ముందు కాల్చింది. అయ్యాక బల్ల దగ్గరికొచ్చి, జేబులోంచి పళ్ల బ్రష్షు తీసి, సిలిండర్ వెనక నక్షత్రంలా ఉండే రేకు కింద నాలుగుసార్లు రుద్ది పెట్టింది. ఇది వెర్ల్ పెట్టిన ఆనవాయితీ. ఖాళీలు బయటికి తోసేది ఆ రేకే. దాని కింద కాలని మందు పలుకు ఒక్కటి చిక్కినా రేకు పైకి లేస్తుంది, క్లిప్పు పూర్తిగా కూర్చోదు, సిలిండర్ బిగిసిపోతుంది. అందుకని ముందు కాల్చినవాళ్లు తర్వాతివాళ్ల కోసం బ్రష్షు వేసి ఇవ్వాలి. రూళ్ల పుస్తకంలో లేదది. మా ఇంటి మాట.

రెండో స్టేజిలో గ్యారెట్ ముందు. కాల్చి, బల్ల మీద పెట్టి, నీళ్ల సీసా తీసుకుని వెళ్లిపోయాడు. బ్రష్షు వెయ్యలేదు.

నేను చూశాను. మర్చిపోయాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ నీళ్లు తాగుతూ వాడు బల్ల వైపే చూస్తున్నాడు.

ట్రెవా తుపాకీ తీసుకుని, నిలబడి కాల్చే గీత దగ్గరికి వెళ్లింది. మొదటి ఎనిమిది బాగానే పేలాయి. రీలోడ్ చేసింది. సిలిండర్ మూత పడలేదు. అరచేత్తో కొట్టి మూసింది. ట్రిగ్గర్ లాగితే వేలు వణికేంత బరువు. మళ్లీ తెరిచి, క్లిప్పు కింద పారేసి, రేకు కింద నోటితో ఊది, ఇంకో క్లిప్పు వేసింది. ఓటిస్ టైమర్ చూపిస్తే నేను అంకె రాశాను. మూడు సెకన్లకు పైగా పోయాయి.

తిరిగొస్తూ గ్యారెట్ ముందు ఆగింది.

"మీ నాన్న చూస్తున్నాడు అనుకునేదాన్ని నేను. ఇవాళ చూడకపోతేనే మంచిది."

"ఏం చేశాను?"

"ఏం చెయ్యలేదు. అదేగా."

"బ్రష్షు వెయ్యాలని ఎక్కడ రాసుంది? అమ్మనడుగు, పుస్తకం మొత్తం కంఠస్థం ఆవిడకి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. "రాసిలేదు" అన్నాను. నిజమే మరి, రాసిలేదు. ట్రెవా ఒక చిన్న నవ్వు నవ్వింది. ఆ నవ్వు నా మీదే.

మూడో స్టేజి తర్వాత మళ్లీ ఆమె బ్రష్షు వేసే ఇచ్చింది. వాడి పరువు తియ్యడానికే వేసిందనిపించింది, ఎందుకంటే ఈసారి గుంపంతా చూసేలా బ్రష్షు పైకెత్తి మరీ రుద్దింది. రాయిస్ చప్పట్లు కొట్టాడు. గ్యారెట్ చెవులు ఎర్రబడ్డాయి. నాలుగో స్టేజిలో వాడు మళ్లీ వెయ్యకుండానే పెట్టాడు. ఈసారి ఆమె తనే బ్రష్షు వేసుకుంది.

మధ్యాహ్నం చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె తింటున్నప్పుడు గ్యారెట్ నా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"తేడా ఎంత?"

"నువ్వు ముందున్నావు. సున్నా పాయింట్ ఏడు."

"రెండో స్టేజి తర్వాత మూడున్నర ఉండాలే."

"ఆమె బాగా కాల్చింది."

వాడు రొట్టె ముక్క తుంచి, తినకుండా పళ్లెంలోనే నలిపాడు. "నా క్లిప్పులు నువ్వే నింపావు కదా."

"ఎప్పుడూ నేనేగా."

"అన్నీ అద్దం మీద చూశావా?"

"చూశాను."

"నావి కూడా?"

కాసేపు వాడి మొహంలోకి చూశాను. నలభై నాలుగేళ్ల మనిషి. "గ్యారెట్, నేను నీ తల్లిని" అన్నాను.

"అది అడగలేదమ్మా. నావి కూడా చూశావా అని అడిగాను."

జవాబు చెప్పకుండా లేచి వచ్చేశాను. అప్పుడే చెప్పి ఉంటే బావుండేదేమో. ఒకే డబ్బాలోంచి తీశానురా, కళ్లు మూసుకుని వేశానురా అని. కోపంలో అవి చెప్పాలనిపించలేదు.

అయిదో స్టేజి. ఇరవై నాలుగు తూటాలు, రెండు రీలోడ్లు. వంతు ప్రకారం ట్రెవా ముందు. గీత మీద నిలబడి చేతులు దులుపుకుంది. టైమర్ మోగింది. ఆ తర్వాత ఇరవై ఒకటి పాయింట్ ఎనభై సెకన్లు. జరిమానా ఒక్కటి కూడా లేదు. రెండు రీలోడ్లూ ఎంత మెత్తగా పడ్డాయంటే ఓటిస్ టైమర్ చూడటం మర్చిపోయి ఆమె చేతుల్నే చూశాడు.

నేను స్కోర్ల కాగితం పెట్టిన పలక మీద లెక్క కట్టాను. గ్యారెట్ ఇరవై రెండున్నర లోపు కాలిస్తే తుపాకీ వాడిది. సాధనలో ఇలాంటి స్టేజికి వాడికి ఇరవై రెండు పడుతుంది. ఒక్కోసారి ఇరవై మూడు. ఎటైనా పోవచ్చు.

ట్రెవా బల్ల దగ్గరికి తెచ్చి, బ్రష్షు వేసి, తుపాకీ పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి చెవి కప్పులు తీసి మెళ్లో వేసుకుంటోంది. ఆమె బ్రష్షు వేస్తున్నప్పుడు గ్యారెట్ అక్కడ లేడు. చెమ్మగిల్లిన కళ్లద్దాలు తుడుచుకోవడానికి బండి దగ్గరికి పోయాడు. వాడొచ్చేసరికి బల్ల మీద తుపాకీ మాత్రమే ఉంది. వాడు దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. అడగలేదు. అడిగే మాటలు వాళ్ల మధ్య అయిపోయి చాన్నాళ్లయింది.

తాను రెండుసార్లు చేసిన పని ఆమె ఒక్కసారైనా చెయ్యకుండా ఉంటుందా అని వాడి అనుమానం. నేను వంగిన క్లిప్పు వేశానేమోనని ఇంకో అనుమానం. గీత దగ్గర ఓటిస్ లోడ్ చెయ్యమన్నాక తెలిస్తే, అప్పటికి బాగుచేసుకోవడానికి వీలుండదు. క్లిప్పు వేసి తిప్పి చూస్తే ఇక్కడే తెలిసిపోతుంది. వాడు ఇదంతా ఆలోచించాడో లేదో నాకు తెలీదు. బహుశా చెయ్యే ఆలోచించి ఉంటుంది. సోఫా ముందు రోజూ రెండు వందలసార్లు చేసే పనే.

బెల్టులోంచి క్లిప్పు తీశాడు. సిలిండర్లో వేశాడు. మూశాడు.

నేను పలక పట్టుకుని ఆరడుగుల దూరంలో ఉన్నాను. ఎనిమిది తూటాలు ఒకేసారి జారితే వచ్చే ఆ చిన్న చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఆ తుపాకీ వెనక బొటనవేలితో లాగే సుత్తి కొమ్మును వెర్ల్ ఏనాడో కోసేశాడు. సిలిండర్ తిప్పి చూడాలంటే ట్రిగ్గర్‌ను కొంచెం నొక్కి పట్టుకోవాల్సిందే. వాడి వేలు లోపలికి వెళ్లింది. నిండిన తుపాకీ, బల్ల మీద, ట్రిగ్గర్ మీద వేలు. మిల్లీమీటరు తేడాలో ఆగి ఉంది.

"గ్యారెట్, తూటాలు" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

గుంపంతా తిరిగింది. వాడి వేలు బయటికి వచ్చింది. పేలలేదు. ఓటిస్ పరుగెత్తుకొచ్చి వాడి చేతిని మట్టికట్ట వైపే అదిమి పట్టుకుని, సిలిండర్ తెరిపించి, క్లిప్పు బయటికి తీయించాడు. ఎనిమిది తూటాలూ బల్ల మీద నిలబడి ఉన్నాయి, క్లిప్పులో బిగుసుకుని.

ఓటిస్ వాటిని లెక్కపెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "చెప్పక తప్పదు వదినా, నువ్వే చూశావు కదా" అన్నాడు.

"చూశాను."

"గ్యారెట్, డీక్యూ. తుపాకీ ఇక్కడ పెట్టి బెల్టు తీసెయ్."

వాడు వాదించలేదు. బెల్టు విప్పాడు. నా దగ్గరికి వచ్చి, అందరూ వినేటట్టు, "ఇప్పుడు సంతోషమా?" అన్నాడు. నేను పలక మీద వాడి పేరు ఎదురుగా రెండక్షరాలు రాశాను. సంతకం పెట్టాల్సిన చోట వాడు సంతకం పెట్టాడు. పెన్ను నాకివ్వకుండా నేల మీద పడేసి పార్కింగు వైపు వెళ్లాడు. వాడి ట్రక్కు కంకర చిమ్ముకుంటూ వెళ్లిపోయింది. నేను ఆ ట్రక్కులోనే వచ్చానన్న సంగతి వాడికి గుర్తుందో లేదో.

మిగతావాళ్లు కాల్చడం పూర్తయ్యేసరికి నాలుగున్నర. కాగితాలన్నీ ఓటిస్‌కి అప్పజెప్పి బయటికొస్తే ట్రెవా తన బండి తలుపు తెరిచి నిలబడి ఉంది.

"ఎక్కండి."

"ఓటిస్ దింపుతానన్నాడు."

"ఓటిస్ ఇల్లు అటు. ఎక్కండి అత్తయ్యా."

ఎక్కాను. తుపాకీ పెట్టె వెనక సీటు మీద ఉంది. పదిహేను మైళ్ల దూరం. సగం దారి దాటాం. ఓక్ ఆకులు అద్దం మీద పడి జారిపోతున్నాయి.

"నేనూ చూశాను" అంది.

"ఏం చూశావు?"

"వాడు క్లిప్పు తియ్యడం. మీకంటే ముందే చూశాను. బెల్టు మీద చెయ్యి పడ్డప్పుడే."

"మరి చెప్పలేదేం?"

"కాల్చనిద్దామనుకున్నాను. ఇరవై రెండున్నర వాడివల్ల కాదు, ఇవాళ కాదు. చేతులు చూశాను, వణుకుతున్నాయి. వాడు గీత మీద నిలబడి, అందరి ముందూ కాల్చి, ఓడిపోవాలి. అదే నాక్కావలసింది. మీరు దాన్ని లాక్కున్నారు."

"నిండిన తుపాకీ ట్రెవా. వేలు లోపలుంది."

"వేలు లోపలున్నవాడి వెనక నిలబడి ఎవరైనా అరుస్తారా? ఇరవై రెండేళ్లుగా ఉన్నారు రేంజిలో. వాడు ఉలిక్కిపడి ఉంటే?"

ఆ మాట అప్పటికే నా లోపల తిరుగుతోంది.

"ఇక జీవితాంతం వాడు, తుపాకీ నాకు అమ్మే ఇప్పించిందని చెప్పుకుంటాడు. నేను ఎంత బాగా కాల్చానో ఎవరూ చెప్పరు. ఇరవై ఒకటి ఎనభై అత్తయ్యా. మావయ్య ఉన్నప్పుడు కూడా అంత కాల్చలేదు నేను."

"నేను చూశాను కదమ్మా."

"మీరు చూస్తే లాభమేంటి? మీరు ఎవరి మనిషో నాకెప్పుడూ అర్థం కాలేదు. మావయ్యలాగే. ఇద్దరికీ అది నీదే, నీదే."

మా ఇంటి పోస్టు డబ్బా దగ్గర బండి ఆపింది. వాకిట్లో గ్యారెట్ ట్రక్కు ఉంది. ఇంజను ఆపలేదు ట్రెవా.

"ఒక్క కప్పు కాఫీ తాగి వెళ్లు" అన్నాను. అనకూడదని తెలుసు. అయినా వచ్చేసింది నోటికి.

"దిగండి అత్తయ్యా" అంది, ముందుకు చూస్తూ. గొంతులో కోపం కూడా లేదు. దిగాను. ఆమె వెళ్లిపోయింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఆమె ఫోను నంబరు నా దగ్గర ఉంది, నా నంబరు ఆమె దగ్గర ఉంది. అయినా మనుషులు వెళ్లిపోయేటప్పుడు తెలుస్తుంది, ఇది ఏ రకం వెళ్లడమో.

లోపల గ్యారెట్ సోఫా మీద దుప్పటి మడతపెడుతున్నాడు. గుమ్మం పక్కన సంచి, బూట్లు, వేట కోటు. తన చెల్లెలింటికి పోతానని వాడు చెప్పకముందే తెలిసింది నాకు.

"భోజనం చెయ్యి" అన్నాను.

"అక్కర్లేదు. ఒక్కటి చెప్పు. అబద్ధం చెప్పకు."

"అడుగు."

"ఆ బల్ల దగ్గర క్లిప్పు తీసింది ట్రెవా అయితే, అంత గట్టిగా అరిచేదానివా?"

వెంటనే అవునని చెప్పేస్తే సరిపోయేది. తల్లులు చెప్పేది అదే. దారి పొడుగునా ఆలోచించాను కనుక చెప్పలేకపోయాను. నా మనసులో ఆ బల్ల, ఆ ఎర్ర పలక, ట్రెవా చెయ్యి కనబడ్డాయి. నేనేం చేసేదాన్నో కూడా కనబడింది.

"చెప్పేదాన్ని" అన్నాను.

"అది కాదు నేనడిగింది. అరిచేదానివా?"

"లేదు. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా చెప్పేదాన్ని."

వాడు తల ఊపాడు, చాలాకాలంగా ఎదురుచూస్తున్న జాబు చేతికందినట్టు. దుప్పటి సోఫా మీద పెట్టి, కోటు తొడుక్కుని, సంచి భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి "చేరాక ఫోను చేస్తాలే" అన్నాడు. చెయ్యడని ఇద్దరికీ తెలుసు.